కబాబుకి అర్థం అడగడానికొచ్చిన పిల్ల

నా కూతురు నన్ను అండీ అంటుంది. అదేం కష్టం, గౌరవమే కదా అంటారేమో. విన్నప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది.

మా ఆయన లారీ గుద్ది పోయేనాటికి హర్షితకి రెండేళ్ళు. పిల్లని నా చెల్లెలు మీనాకుమారి ఒళ్ళో పెట్టి, కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళాను. రెండేళ్ళలో వచ్చేస్తాననుకున్నది పదకొండేళ్ళయింది. మొన్న వేసవిలో నిడదవోలు తిరిగొచ్చేసరికి పిల్ల మీనాని అమ్మా అంటోంది. నన్ను చూసి, "బాగున్నారాండి?" అంది. చెల్లెలి తప్పేం లేదు, ప్రాణంలా పెంచింది. అయినా దాని మీద ఒళ్ళు మండేది. వాళ్ళ వీధిలోనే గది అద్దెకి తీసుకున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ పిల్ల నోట అమ్మా అనిపించుకోవాలి. అంతకంటే నాకేం అక్కర్లేదు.

పోయిన ఆదివారం హర్షిత తనంతట తానే నా గుమ్మంలోకొచ్చింది, చేతిలో నోట్‌బుక్కుతో.

"స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారండి. ఒక వంటకం పేరు ఎక్కడ పుట్టిందో, అర్థం ఏంటో పెద్దవాళ్ళని అడిగి రాయాలి. చీటీల్లో నాకు కబాబు వచ్చింది. అమ్మ మిమ్మల్ని అడగమందండి."

అమ్మ అడగమందట! సర్లే, వచ్చింది, అదే పదివేలు అనుకున్నాను.

"కూర్చోవే తల్లీ. తినకుండా కబాబు గురించి ఏం రాస్తావు నీ మొహం!" అని పరుగున వెళ్ళి వేటమాంసం కైమా కొట్టించుకొచ్చాను. ఉల్లిపాయ, కొత్తిమీర, మిరియాలపొడి కలిపి పిసికి, ఇనప చువ్వలకి పట్టించి, పెరట్లో రెండిటుకల మధ్య బొగ్గులు రాజేశాను. పిల్ల పక్కనే పీట వేసుకుని పెన్ను పట్టుకుంది. అప్పటి నా సంబరం చెప్పలేను.

"రాసుకో. నేను పనిచేసిన ఇంట్లో పెద్దావిడ ఒకప్పుడు టీచరట. ఆవిడ చెప్పింది. అరబ్బీలో కబాబ్ అంటే కాల్చిన మాంసం. మాట మాత్రం ఇంకా పాతదట. వేల ఏళ్ళ కిందట ఇరాక్ వైపు మట్టిపలకల మీద రాసుకునేవారే, వాళ్ళ భాషలో కబాబు అంటే కాలడం, మాడడం. అక్కడి నుంచే వచ్చి ఉంటుందంటారట. పర్షియా వాళ్ళు, టర్కీ వాళ్ళు అందరూ వాడుకున్నాక మనదాకా వచ్చింది."

"అయితే ముందు కాలడమేనాండి? మాంసం తర్వాతా?"

"ముందు కాలడమే," అన్నాను.

పిల్ల నాలుగు తింది. "చాలా బాగున్నాయండి. అక్కడ కూడా మీరే చేసేవారా?"

"వారానికి రెండుసార్లు. ఆ ఇంటి పిల్లలకి ఊది ఊది తినిపించేదాన్ని," అని నోరు జారాను.

"నాకు అమ్మ తినిపించేదండి," అంది. దెప్పడానికి అనలేదు పాపం, ఉన్నదే చెప్పింది. నేను చువ్వ మీంచి ఇంకొకటి తీసి దాని ముందు పెట్టాను.

తర్వాత చివరి పేజీ తిప్పింది. 'చెప్పినవారి పేరు' అన్నచోట దుర్గాశ్రీ గారు అని గుండ్రంగా రాసింది. దాని కింద 'మీకేమవుతారు' అన్నచోట పెన్ను ఆగిపోయింది. రాయి తల్లీ, రెండక్షరాలే, అని లోపల మొక్కుకుంటున్నాను.

పిల్ల తలెత్తింది. కళ్ళనిండా నీళ్ళు.

"స్కూల్లో అందరికీ అమ్మ తెలుసండి. మీటింగులకి అమ్మే వస్తుంది. ఇక్కడ మిమ్మల్ని అమ్మ అని రాస్తే అమ్మ చూసి ఏడుస్తుందండి. రాయకపోతే మీరు..."

పదమూడేళ్ళ పిల్ల. నా పట్టుదల కోసం దాన్ని ఏడిపిస్తున్నాను. ఛీ, నేనేం తల్లినని నా మీద నాకే రోత పుట్టింది.

"పిచ్చిదానా, దీనికి ఏడుపేంటే?" అన్నాను. "మీ అమ్మకి నేను అక్కని. అంటే నీకు పెద్దమ్మని. అదే రాయి."

రాసేసింది. మొహం ఎంత తేలికపడిందో! మిగిలిన కబాబులు గిన్నెలో సర్దమంది, అమ్మకి తీసుకెళ్తుందట. సర్ది ఇచ్చాను. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి నవ్వింది.

"వెళ్ళొస్తాను పెద్దమ్మా!"

"ఆఁ, వెళ్ళిరా తల్లీ," అని పలికాను.