తేయాకు తొట్లో తెల్లదారాలు

మద్రాసు పేరు చెన్నైగా మారిన ఏడాదే మా ఆయన భక్తవత్సలం కూనూరు టీ ఎస్టేట్‌లో రిటైరై మాధవరం ఇంటికి చేరారు. వస్తూ వస్తూ మూడు తేయాకు మొక్కలు తెచ్చి, మేడ మీద నీడన తొట్లలో పెట్టారు. వాటికి కాస్త ఎండ తగిలితే చాలు, తన ఒళ్ళే కాలినట్టు గంతులు!

ఆయన బాధా ఉత్తది కాదు. ఎస్టేట్‌లో వేరుకుళ్ళు రోగం వచ్చి, ఆయన పెంచిన తోటంతా పీకి తగలబెట్టించారు. రోగం తగలని కొమ్మల నుంచి ఆయన దాచి నాటుకున్నవి ఈ మూడే.

ఆ ప్రేమతోనే మొక్కల్ని చంపుతున్నారు. ఎస్టేట్ లెక్కన తొట్లో యూరియా కుమ్మరించడం! మట్టి ఇటుకలా బిగుసుకుపోయింది, ఆకులు పసుపెక్కాయి. మట్టిలో ఒక్క పురుగు లేదు. అది శుభ్రమట!

నేనేమో ఇంటి వెనక రేకుల షెడ్డులో గడ్డి సంచుల్లో పుట్టగొడుగులు పెంచుతాను. కోత అయ్యాక గడ్డి మిగిలిపోతుంది. మైలాపూరులో తన చెల్లెలింట్లో పెళ్ళికని మా ఆయన వెళ్ళినప్పుడు, ఆ గడ్డిని తొట్లలో కలిపి, యూరియా సంచీ దాచేశాను. చెబితే వినే మనిషా?

కొన్ని వారాలకు కొత్త చిగుళ్ళొచ్చాయి. "చూసినావా, నా చేతి మహిమ!" అని మీసం దువ్వుకున్నారు. నోరు మూసుకోవడం నాకు చేతకాని పని, అయినా మూసుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే మేడ మీద నుంచి కేక. "రాజీ! ఈడికీ వచ్చేసిందే!"

పరుగెత్తాను. తొట్టి మట్టి కెలికి ఉంది. గడ్డి చుట్టూ తెల్లటి దారాలు. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వేరుకుళ్ళు. పీకి కాల్చాల్సిందే, వేరే దోవ లేదు" అని కిందికి వెళ్ళి కిరసనాయిలు డబ్బా పట్టుకొచ్చారు.

కొంగు బిగించి తొట్లకు అడ్డం నిలబడ్డాను. "అది రోగం కాదండీ. నా పుట్టగొడుగుల గడ్డి. ఆ దారాలు దాంట్లోవే. నేనే కలిపినా."

"నా మొక్కలకు బూజు పెట్టినావా!"

"పెట్టినా! అది తినేది గడ్డిని, మీ మొక్కని కాదు."

"నీకేం తెలుసే?"

"నాకు తెలీదు, సరి. మీకు తెలుసు కదా? రోగమని ఆడ ఎస్టేట్‌లో ఎట్ట కనిపెడతారు?"

"వేరు తోలు గీకి చూడాల. లోపల కొయ్య మీద దారాలుంటే రోగం."

"గీకినారా?"

ఆయన డబ్బా కింద పెట్టారు.

"గీకండి. ఉంటే నేనే కాలుస్తా."

కత్తి తీసుకుని కూర్చున్నారు. వేరు నేను పట్టుకున్నాను. తోలు లేచింది. లోపల కొయ్య శుభ్రంగా, తడిగా మెరిసింది. ఒక్క దారం లేదు. దాని పక్కనే సన్నటి కొత్త వేళ్ళు కుచ్చులుగా ఉన్నాయి. మట్టి పొడిపొడిగా రాలి, రెండు వానపాములు బయటపడి మెలికలు తిరిగాయి.

"బతికి ఉండాది రాజీ. బతికి ఉండాది" అన్నారాయన. మట్టిచేత్తోనే కళ్ళు తుడుచుకుని మొహమంతా పులుముకున్నారు. "ఇంకొంచెం ఉంటే నా చేత్తో నేనే కాల్చేసేవాణ్ణే."

తిట్టడానికి నా దగ్గర బోలెడు మాటలు సిద్ధంగా ఉన్నాయి. అవి వదిలేసి కొంగుతో ఆయన మొహం తుడిచాను. ఇద్దరం నవ్వాం, నవ్వుతూనే ఏడ్చాం.

దోసెలు పోసి పిలిస్తే కిందికి రాలేదు. పళ్ళెం పైకే తీసుకెళ్ళాను. వానపాముల్ని మట్టిలో కప్పిపెట్టి, తొట్టి పక్కనే చతికిలబడి ఉన్నారు.

"ఏమే, ఇంకా గడ్డి ఎప్పుడొస్తాదే?" అన్నారు దోసె తుంచుతూ.

"మీరు చెయ్యి కడుక్కుంటే వస్తాది" అన్నాను.