హైడ్రోజన్ గొట్టం మీద పడ్డ నింద

నేను ఒక స్టీలు గొట్టాన్ని. చిటికెన వేలంత ఉంటాను. నాకు రెండు పక్కలా సూదిమొన పట్టేంత కన్నాలున్నాయి. ఒక కన్నంలోంచి లేజరు వెలుగు దూరి, నా కడుపులోని వాయువును తాకి, రెండో కన్నంలోంచి బయటపడుతుంది. ఇప్పుడు గాజు బీరువాలో భద్రంగా ఉన్నాను గానీ, ఆ రోజు విన్న మాటకు నా గుండె ఇంకా కుదుటపడలేదు. స్టీలుకు గుండేమిటని నవ్వకండి. గుండె ఉన్నవాళ్లు ఏం చేశారో వినండి.

బాలానగర్‌లో మొగులయ్య లేతు మిషను మీద పుట్టాను. "పైలం సారూ, కిందవడితే సొట్టవోతది" అంటూ నన్ను కృపాదానం గారి చేతిలో పెట్టాడు. ఆయన విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ప్రొఫెసరు. నన్ను తన పరిశోధక విద్యార్థిని సువర్చలకు అప్పగించారు.

సువర్చల నన్ను గాలి తీసేసిన పెట్టెలో బిగించి, మొదట నాలో ఆర్గాన్ వాయువు నింపింది. కనురెప్ప పాటు కూడా యుగమనిపించేంత పొట్టి మెరుపును నాలోంచి పంపింది. బయటికొచ్చిన వెలుగును రంగులుగా విడదీస్తే, వాయువు మింగిన చోట్ల నల్లటి గీతలు పడతాయి. ఆర్గాన్ గీతలు కాటుక దిద్దినట్టు వచ్చాయి. తర్వాత హైడ్రోజన్ నింపింది. గీతలన్నీ అలుక్కుపోయాయి!

"గొట్టం లీకమ్మా. బయటి గాలి దూరుతోంది" అని తేల్చేశారు కృపాదానం గారు.

ఆయన లెక్క ప్రకారం ఆ గీతలు పదునుగా ఉండాలి మరి. హైడ్రోజన్ అణువులో, ఆర్గాన్‌లోలా ఒకటి కాక, రెండు కేంద్రకాలుంటాయి. అంత పొట్టి మెరుపులో అవి కదిలే వ్యవధే ఉండదని, లెక్క సులువవుతుందని, ఆయన వాటిని కాగితం మీద మేకులు కొట్టి నిలబెట్టేశారు. ఈ విద్యలో అది మామూలేనట. సీలు మార్చారు, నన్ను తోమించారు, మసక పోలేదు. చివరికి హైడ్రోజన్ భాగం మొత్తం థీసిస్‌లోంచి తీసెయ్యమన్నారు. అది తీసేస్తే ఆ పిల్ల పరిశోధనలో మిగిలేదేముంది? నాకు ఒళ్లు మండిపోయింది.

సువర్చల కళ్లు తుడుచుకుని ఎదురు నిలిచింది.

"మెరుపు పోయినా ఎలక్ట్రాన్ ఊగుతూనే ఉంటుంది కదా సర్? ఏ రంగు ఎంత మింగాలో అప్పుడే తేలుతుంది. ఆ లోపు కేంద్రకాలు జరిగిపోతే? డ్యుటీరియం నింపి చూద్దాం. అదీ హైడ్రోజనే, కేంద్రకాలు రెట్టింపు బరువు. లీకైతే మసక అంతే ఉండాలి. కదలికైతే, బరువైనవి మెల్లగా జరుగుతాయి కాబట్టి తగ్గాలి."

నింపారు. మసక తగ్గింది! గీతలు తేటపడ్డాయి. నా కడుపులో కదలకుండా కూర్చున్నాయనుకున్నవి అంత హడావిడి చేస్తున్నాయని నాకూ అప్పుడే తెలిసింది.

కృపాదానం గారు గీతల్ని మళ్లీ మళ్లీ చూసుకున్నారు. కుర్చీలో కూలబడ్డారు.

"నీకు ముందు ఒకబ్బాయి ఇదే మసక చూపించాడమ్మా. గొట్టం లీకన్నాను. కాదని వాదించాడు. నీకు చేతకాదని చెప్పి ఇంటికి పంపించేశాను. ఆ గొట్టాన్ని తుక్కులో వేయించి, ఇదిగో, దీన్ని చేయించాను."

నేను నిర్ఘాంతపోయాను. ఏ పాపం ఎరగని ఒక గొట్టాన్ని పారేసి, దాని చోట నన్ను పెట్టారన్నమాట! సువర్చలకు గెలిచానన్న సంతోషం కూడా లేకుండా పోయింది.

"ఎవరు సర్ అతను? ఇప్పుడెక్కడున్నాడు? ముందు అతనికి ఫోన్ చేసి చెప్పాలి కదా!"

ఆయన కళ్లద్దాలు తీసి, నుదురు పట్టుకున్నారు.

"పేరు గుర్తు రావట్లేదమ్మా" అన్నారు.