జవాబుకు విడిచిన జాగ

సృజన హుస్నాబాద్‌ల జిరాక్స్ షాపుల పనిజేస్తది. పొద్దుగాల ఎనిమిదిన్నర బస్సుకు పోతది, దీపాలు పెట్టే యాళ్లకు ఇల్లు జేరుతది. ఆ శుక్రవారం మాత్రం పోలే. షాపోళ్లు పాతదని పక్కకు పడేసిన కంప్యూటర్‌ను మంచం మీద పెట్టుకొని దాని ముంగట కూసున్నది. వేరే ఏదీ ఎక్కకపోతే షాపుల పనిజేసే నరేశ్ అందుల లినక్స్ ఎక్కించిండు. మనిషి మంచోడే. కానీ పాటలు పాడిచ్చే ప్లేయర్ ఏది పెట్టాలె అన్నా అని అడిగితె, చీటీ మీద పేర్లు రాసిచ్చి "నీకేది నచ్చితె అది పెట్టుకో" అన్నడు. నచ్చుడు సంగతి ఎవరికి గావాలె? ఆమెకు గావాల్సింది పాట కాదు, బాపు గొంతు.

బాపు లింగమూర్తి దుబాయి పోయిన నాలుగు నెలలకు సృజన పుట్టింది. అప్పట్ల దుబాయి పోయినోళ్లు కాసెట్ల మాట్లాడి పంపేటోళ్లు. "కొమురీ, మంచిగున్నవా" అని అడిగి, జవాబుకు కొంచెం జాగ విడిచేటోళ్లు. ఈడ పెండ్లాం ఆ జాగల "మంచిగనే ఉన్న" అంటె, ఆడ మొగనికి ఇనవడేది. "గట్లయితె సరే" అని కాసెట్ ముంగటికి నడిచేది. ఊర్లె అందరి కాసెట్లు అంతే.

ఆఖరి కాసెట్‌ల లింగమూర్తి అడిగిండు. "ఇంకో క్యాంపుకు పొమ్మంటుండ్రు. ఎడారిల శాన దూరం. పోవాల్నా, ఇంటికి రావాల్నా? నువ్వు జెప్పు."

ఇంటి నిండ పెద్దమనుషులు కూసోని ఇంటుండ్రు. అత్తమామల ముంగట మొగన్ని రా అని ఎట్ల అంటది? సృజన తల్లి కొమురవ్వ కొంగు నోట్లె కుక్కుకున్నది. జాగ అయిపోయింది. "సప్పుడు జేస్తలేవు. సరే, పోతా మల్ల" అన్నడు. అదే పూట టేపురికార్డరు ఆ రీలును నమిలి తెంపింది. ఇరవై రెండేండ్లాయె. మల్ల కాసెట్ రాలే, మనిషీ రాలే.

మొన్న కరీంనగర్‌ల ఒక ముసలి మెకానిక్ ఆ రీలు అతికించి, ఆలుమొగల మాట తను ఇనొద్దని చెవులల్ల దూది వెట్టుకొని ఒక్కసారి తిప్పి, కంప్యూటర్ల పాడేటట్టు చేసిచ్చిండు. ఇంకోసారి తిప్పుదామంటె రీలు పొడిపొడి అయింది.

ఆగుదామంటె ఆదివారమే కర్మ. లింగమూర్తికి అన్నయిన హనుమండ్లు తేల్చి చెప్పిండు. "ఎన్నేండ్లు ఎదురుసూస్తం కొమురవ్వా? సచ్చినోనికి తొవ్వ జూపియ్యకుంటె పాపం తల్గుతది." మోదుగాకులతోని బొమ్మ జేసి కాలవెడ్తరు. కొమురవ్వ గాజులు పలగ్గొడ్తరు. అంతలోపు ఆ జాగల ఆమె ఒక్క మాట చెప్పాలె.

మొదలు పెట్టిన ప్లేయర్ రంగురంగులది. "నువ్వు జెప్పు" అన్నదో లేదో "సప్పుడు జేస్తలేవు" అన్నది. నడుమ జాగనే లేదు. సప్పుడు లేనికాడ దుంకిపోవుడు దాని గొప్పతనమట. తయారు జేసినోని చేతులిరగ. కొమురవ్వ తెరిసిన నోరు తెరిసినట్టే ఉన్నది.

రెండోది జాగ రాంగనే పాట అయిపోయిందనుకొని, ఎనుకనున్న బతుకమ్మ పాటను తెచ్చి మీదికెక్కించింది. కొమురవ్వ ఒర్రిన మాట చప్పట్లల్ల కలిసిపోయింది. మూడోది పాడకముందే ఎవలు పాడిండ్రని ఎతికి ఎతికి, "గుర్తు తెలియని కళాకారుడు" అని రాసింది. గుర్తు తెలియని అని పేపర్ల ఎవరి గురించి రాస్తరో సృజనకు ఎరికే. అవ్వకు కనవడకుండ తెరకు చెయ్యి అడ్డం వెట్టింది.

అడిగి జవాబు రానప్పుడల్ల బాపు గొంతు ఇంత తగ్గుతున్నది. శనివారం పొద్దుగూకెవరకు చెవి దగ్గర వెడితె గని ఇనరాలే.

"నాతోని అయితలేదు అవ్వా," సృజన ఏడ్సింది. "నేను బాపును ఒక్కసారన్న సూడలే."

"ఏడ్వకు బిడ్డా. చీటిల ఇంకేమున్నదో సూడు," అన్నది కొమురవ్వ. ఆమెకు రెండ్రోజుల సంది బువ్వ దిగుతలేదు.

ఆదివారం వాకిట్ల బొమ్మకు కాళ్లు చేతులు కట్టుడయింది. హనుమండ్లు దర్వాజ కాడికొచ్చి, "తానానికి నీళ్లు కాగినయి, లెవ్వు కొమురవ్వా" అన్నడు. సృజన చీటిల ఆఖరి పేరు పెట్టింది. దానికి రంగుల్లేవు, బటన్లు లేవు. నల్ల తెర మీద ఒక్క గీత, పక్కన ఉరికే అంకెలు. ఏ తెలివీ లేదు దానికి. ఉన్నదున్నట్టు ఇనిపిస్తది, అంతే.

"పోవాల్నా, ఇంటికి రావాల్నా? నువ్వు జెప్పు."

జాగ వచ్చింది. ఒకటి, రెండు, మూడు. కొమురవ్వ దర్వాజల బావను సూసింది. వాకిట్ల కులపోళ్లను సూసింది. ఆమె కొంగు మల్ల నోటికాడికి పోయింది. ఏడు, ఎనిమిది. సృజన తల్లి చెయ్యి వట్టి ఆ కొంగు గుంజేసింది.

"పోవద్దు," అన్నది కొమురవ్వ. "ఇంటికి రా. నాకేమొద్దు, నువ్వు రా."

అంకెలు ఉరుకుతనే ఉన్నయి. సప్పుడు లేదు. సృజన కండ్లు మూసుకున్నది.

"గీ ఒక్క మాటకు గింత సేపా కొమురీ," అన్నడు లింగమూర్తి. గొంతు మీద ఇరవై రెండేండ్ల ముసలితనం వడ్డది. "వస్తున్న."

హనుమండ్లు దర్వాజ కాడనే ఇన్నడు. తమ్ముని గొంతు ఆయన ఎరుగడా. తువ్వాలతోని మొకం తుడుసుకొని వాకిట్లకు పోయిండు. బొమ్మ కట్లు ఒక్కొక్కటే ఇప్పి, మోదుగాకులు కుప్ప వోసి, "ఇస్తర్లు కుట్టుండ్రి, అందరు తిని పోదురు" అన్నడు.

కొమురవ్వ గాజుల చేతులతోని పుల్లలు తీసుకొని కూసున్నది. ఎన్ని గావాలె అని ఎవరో అడిగిండ్రు. ఆమె వాకిట్ల ఉన్నోళ్లను లెక్కవెట్టి, ఇంకొకటి ఎక్కువ కుట్టుమన్నది.