నువ్వుల పచ్చడి, నోట్లో పాట

మూకుట్లో నువ్వులు చిటపటమనగానే సత్తెమ్మ పాట ఎత్తుకుంది. ఎత్తుకోవడం ఒక్క క్షణం ఆలస్యమైతే తలుపు వెనకనుంచి కేక వస్తుంది.

"పాటేదే?"

ఆ లోగిలిలో నువ్వులు వేయించే మనిషి నోరు ఖాళీగా ఉండకూడదు. ఉంటే అందులోకి నువ్వులు పోతాయని బంగారయ్యమ్మగారి అనుమానం. ఆవిడ రాజుల ఇంటి ఆడమనిషి, ఘోషా పాటించే మనిషి. పాలేళ్ళు తిరిగే పెరట్లోకి అడుగుపెట్టరు. పొయ్యీ రోలూ పెరటి చావిట్లో ఉన్నాయి. ఆ చావిడికీ ఆవిడ గదికీ మధ్య ఓరగా వేసిన తలుపొకటి ఉంది. కళ్ళతో కాపలా కాసే వీల్లేక ఆవిడ చెవులతో కాసేవారు. పాట సాగినంతసేపూ సత్తెమ్మ మంచిది. ఆగిందంటే దొంగది.

సత్తెమ్మ ఆ ఇంట్లో పచ్చడిబండ పట్టినప్పుడు కొత్త కోడలు. ఇప్పుడు తలంతా ముగ్గుబుట్ట. కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి దిగిపోయింది. అరచేతిలో కాయలు కాసి, వేళ్ళ కొసలు మిరపకాయ మంట కూడా తెలియనంతగా మొద్దుబారిపోయాయి. రాజోలు చుట్టుపక్కల లంకల్లో ఆడవాళ్ళు పాడుకునే పాటలన్నీ మొదటి రెండు మూడేళ్ళలోనే అయిపోయాయి. ఆ తరవాత నోటికొచ్చింది పాడడం అలవాటైంది. కోడి గుడ్డు పెట్టకపోయినా, ఏటి గట్టు కోసుకుపోయినా, ఇంటి కప్పు కురిసినా పాటే. తనేం పాడుతోందో తనకే పట్టేది కాదు. చెయ్యి దంచుకుపోతుంటే నోరు పాడుకుపోయేది.

గోదావరికి ఆనకట్ట కట్టి, కాలవలు తవ్వడం మొదలెట్టినప్పుడు ఆమె మొగుడు మట్టిపనికి వెళ్ళి జ్వరం తెచ్చుకుని చచ్చిపోయాడు. మైల తీరిన మర్నాడు మళ్ళీ పనిలోకి వచ్చి పాట ఎత్తుకుంటే గొంతు జీరపోయింది. లోపలినుంచి అమ్మగారు, "గొణక్కు. గట్టిగా పాడు," అన్నారు. సత్తెమ్మ గట్టిగానే పాడింది. ఆ మాట మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు.

చెప్పొద్దూ, సత్తెమ్మకీ అనుమానాలు తక్కువేం లేవు. ఏళ్ళ తరబడి అనుమానించే మనిషి పక్కన బతికితే అది గజ్జిలా అంటుకుంటుంది. రోటి అంచు మీద నాలుగు నువ్వులు కనిపిస్తే అమ్మగారే తనకి ఎర వేశారనుకుని చీపురుతో ఊడ్చేసేది. తలుపు కిర్రుమంటే సందులోంచి చూస్తున్నారనుకునేది. ఎప్పుడైనా కేక రాకపోతే ఇంకా భయం.

కూతురు బుల్లెమ్మ కడుపులో ఉన్నప్పుడు ఒకే ఒక్కసారి నోరు తెరిచి అడిగింది.

"అమ్మగారండి, కాస్తంత పచ్చడి పెట్టించరాండి? నోరు చప్పగా ఉంటందండి."

"రుచి తెలియందే ఎలా అడిగేవే?" అన్నారు ఆవిడ. "అంటే ఇన్నాళ్ళూ తింటన్నావన్నమాట."

ఆ తరవాత సత్తెమ్మ మళ్ళీ అడగలేదు, తినలేదు. ఊరంతా మెచ్చుకునే పచ్చడి దంచే మనిషికి దాని రుచి తెలియదంటే ఎవరూ నమ్మరు. నిజంగా తెలియదు.

ఆ బుల్లెమ్మే ఇప్పుడు కడుపుతో ఉంది. అంతకు ముందు రెండు కాన్పులూ నిలవలేదు. ఈసారి పుట్టింటికి తెచ్చుకుంది సత్తెమ్మ. వేవిళ్ళు పిల్లని పీల్చేస్తున్నాయి. గంజి తాగినా కక్కేస్తోంది. తిండి ఇలాగే తప్పితే ఇదీ దక్కదని మంత్రసాని చెప్పి వెళ్ళింది. నాలుగైదు రోజులుగా పిల్లది గోడవైపు తిరిగి ఒకటే మాట అంటోంది.

"నువ్వింటికొచ్చినప్పుడు నీ చేతులు వాసనొచ్చేవి సూడు. ఆ పచ్చడి ముద్ద ఉంటే అన్నం తింటానేమోనే అమ్మా."

ఈ ఎండల్లో ఊళ్ళో ఎవరి పెరట్లోనూ కొత్తిమీర లేదు. ఉన్నదల్లా ఈ లోగిలి బావిగట్టున, కొబ్బరి నీడలో. నువ్వులా, పండించిన గుప్పెడూ గానుగకే పోయాయి. అడిగితే ఏమంటారో సత్తెమ్మకి తెలుసు. అందుకని ఇవాళ పొద్దున్న ఇంటిదగ్గర బయల్దేరుతూనే ఒక నిర్ణయానికి వచ్చింది. ఇన్నేళ్ళూ ఊరికే మోసిన నిందని ఇవాళ ఒక్క ముద్దకి నిజం చేసేద్దామని. ఒక బాదం ఆకు కడిగి, మడిచి రొంటిని దోపుకుని వచ్చింది.

వచ్చిన దగ్గర్నుంచీ అమ్మగారి వరస వేరేగా ఉంది.

"ఏమే, మీ బుల్లెమ్మకి ఎన్నో నెల?" అన్నారు తలుపు వెనకనుంచి.

సత్తెమ్మ తలుపు వైపు చూసింది. ఆవిడ తన పిల్ల సంగతి అడగడం ఎరగదు. "మూడోదండి," అంది.

"ఊఁ. లేత అరిటాకు ముక్కొకటి కోసుకురా. ఓ నిప్పుకణిక చిప్పలో వేసి ఇలా గడప మీద పెట్టి వెళ్ళు."

పట్టపగలు అరిటాకుతో, నిప్పుతో అమ్మగారికి పనేమిటి? సత్తెమ్మకి ఒకటే తోచింది. అంజనం. దొంగతనం జరిగిన ఇంట్లో ఆకు మీద మసి పూసి, దొంగ మొహం అందులో చూస్తారని విన్నది. ఇంకా దొంగిలించని ముద్ద కూడా అందులో కనిపిస్తుందా? రొంటిలో ఆకుని ఇంకా లోపలికి దోపుకుంది.

"కొత్తిమీర దండిగా కొయ్యి. నువ్వులు ఇంకో గుప్పెడు ఎక్కువ వెయ్యి."

"మీ అబ్బాయి పెద్దిరాజుగారు అమలాపురం వెళ్ళేరు కదండి. ఎవరికండి ఇంత?"

"నీకెందుకే! చెప్పింది చెయ్యి."

ఎక్కువ వెయ్యమన్నారంటే కాస్త తీసినా తెలియదనుకుని తాను తీస్తుందని. తీసేక పట్టుకోవాలని ఆవిడ ఎత్తు. ఇంత తెలివి తనకీ ఉందిలే అనుకుంది సత్తెమ్మ. ఎర ఎంత పెద్దదైతే వల అంత గట్టిదన్నమాట. అయినా మనసు వెనక్కి తీసుకోలేదు. గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల వెన్నుపూసలు రవిక లేని వీపు మీద లెక్కపెట్టొచ్చు.

వేగిన నువ్వులు రోట్లో పోసింది. ఎండుమిరపకాయలూ ఉప్పూ వేసి దంచింది. పొడి నూనె ఊరి బండకి అంటుకోవడం మొదలెట్టేక నానిన చింతపండు వేసింది. కడిగి ఆరబెట్టిన కొత్తిమీర కాడలతో సహా తుంచి వేసి, నలిగీ నలగనట్టు నూరింది. చావిడంతా కమ్మటి వాసన కమ్మేసింది. పాట ఆపలేదు.

ముద్ద దగ్గరపడింది. ఇక ఇప్పుడే. సత్తెమ్మ గట్టిగా ఊపిరి తీసుకుని పాట ఆపింది.

కేక రాలేదు.

భయం వేసి వెంటనే అందుకుంది. అమ్మగారు పిల్లిలా నడుచుకుంటూ వచ్చి తలుపు సందున కళ్ళు పెట్టి ఉంటారు. చెయ్యి రోట్లో ఉండగా పట్టుకుందామని చూస్తున్నారు. పాడుతూనే తలుపు వైపు ఓరగా చూసింది. సందులో చీకటి తప్ప ఏమీ లేదు. మళ్ళీ ఆపింది. కొబ్బరి మట్ట ఒకటి పెరట్లో దబ్బున రాలింది. దూరంగా పాలేరు నూకయ్య ఎడ్లని అదిలిస్తున్నాడు. లోపలినుంచి మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కళ్ళు మూసుకుని ఒక ముద్ద తీసి, బాదం ఆకులో చుట్టి, రొంటిని దోపేసుకుంది. వేళ్ళకి అంటింది నాకలేదు. కుండలో నీళ్ళు పోసుకుని చేతులు కడిగేసింది. మిగతాది కంచుగిన్నెలోకి ఎత్తి తలుపు దగ్గరికి వెళ్ళింది.

"అమ్మగారండి. పచ్చడండి."

రెండోసారి పిలిచింది. మూడోసారి మోచేత్తో తలుపు తోసింది.

బంగారయ్యమ్మగారు తలుపు పక్కనే మంచం మీద, గోడకి చేరబడి కూర్చుని ఉన్నారు. తల తలుపువైపు ఒరిగి ఉంది. చెవి ఇటు పెట్టి వింటున్నట్టే ఉన్నారు. కళ్ళు సగం మూతలు పడ్డాయి. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది సత్తెమ్మ. ఊపిరి లేదు. ఎప్పుడు పోయారో, ఏ పాట దగ్గర పోయారో తెలియదు. ఎంతసేపు చచ్చిపోయిన మనిషికి భయపడి పాడిందో.

అప్పుడు కనిపించింది, ఆవిడ ఒడి పక్కన అరిటాకు. మసి లేదు, అంజనం లేదు. నిప్పు మీద వాడ్చి, మెత్తబరిచి, అంచులు చింపకుండా నీటుగా పరిచి ఉంది. పక్కనే తడిపిన అరటినార. ఇంట్లో తినడానికి ఎవరూ ఆకు వాడ్చరు. మూట కట్టి ఎక్కడికైనా పంపడానికే వాడుస్తారు. ఎవరికి? ఎన్నో నెల అని ఎందుకడిగారు? సత్తెమ్మకి మొన్నటి పాట గుర్తొచ్చింది. నిన్నటిదీ. పిల్ల గోడవైపు తిరిగిందనీ, పచ్చడి ముద్ద అడుగుతోందనీ తన నోరే పాడింది. తను వినలేదు. ఆవిడ విన్నారు.

"నాకు సెప్పొచ్చు కదండి," అంది సత్తెమ్మ. ఇన్నేళ్ళలో ఆవిడ మొహాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. ఏడుపు ముంచుకొచ్చి గోడకి ఆనుకుని కూలబడింది.

నూకయ్య పరుగెత్తి బంధువుల ఇళ్ళకి కబురు చెప్పాడు. ఆడవాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళల్లో ఒక పెద్దావిడ చావిట్లోకి తొంగి చూసి, వండినవన్నీ పారబొయ్యమంది. చావు జరిగిన ఇంట్లో అన్నమూ కూరా నీళ్ళూ, ఏవీ ఉంచరు. మైల తీరేదాకా ఆ పెరట్లోంచి ఆకు కూడా బయటికి పోదు. "రోట్లోది కూడా తీసెయ్యవే సత్తెమ్మా," అంది.

కంచుగిన్నెలోది కొబ్బరి మొదట్లో పోసింది. తరవాత అటూ ఇటూ చూసి రొంటిలోది తీసింది. ఎవరూ చూడడం లేదు. పట్టుకెళ్ళినా అడిగేవాళ్ళు లేరు. రెండు కాన్పులు పోయిన పిల్లకి మైల ముద్ద ఎలా పెడుతుంది? ఆకుతో సహా ఆ మొదట్లోనే పడేసి, కాలితో మన్ను కప్పింది. పాట ముందే ఆపి, దొంగతనం తలపెట్టకుండా ఒక్కసారి తలుపు తోసి ఉంటే, ఆవిడ చేత్తోనే ఇచ్చేవారేమో. ఏమో, ఇవ్వకపోయేవారేమో.

రోట్లో నీళ్ళు పోసి కొబ్బరిపీచుతో తోముతుంటే పెద్దావిడ కసిరింది.

"చావింట్లో పాటేంటే! నోరు ముయ్యి."

అప్పుడు గానీ సత్తెమ్మకి తను పాడుతున్నట్టు తెలియలేదు. నోరు మూసుకుంది. లోపల శవాన్ని కిందికి దింపుతున్నారు. ఖాళీ అయిన మంచం మీద, వాడ్చిన అరిటాకు, పక్కన తడి ఆరుతున్న నార అలాగే ఉన్నాయి.