టక్కరి అంటే ఒళ్ళుమంట

తల్లికి కంటి ఆపరేషన్ అయింది. పట్టీ విప్పినా నెల దాకా అక్షరం చదవొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరయిన మనిషి. చెవులు పాము చెవులు, ఖాళీగా కూర్చోమంటే ప్రాణసంకటం. చూడ్డానికొచ్చిన చిన్నకొడుకు ఓ లావుపాటి నవల ఆవిడ ఒళ్ళో పడేసి, "భలే ఉంటుందమ్మా" అని చెప్పి, టీ అయినా తాగకుండా వెళ్ళిపోయాడు. చదవొద్దన్న మనిషికి పుస్తకం తేవడం వాడికే చెల్లింది. చదివి వినిపించే పని, ఇంట్లో మిగతా అన్ని పనుల్లాగే, పెద్దకూతురి మెడకు చుట్టుకుంది.

పెద్దకూతురు స్కూలు యూనిఫాంలు కుట్టే షాపులో కటింగ్ మాస్టరు. పొద్దస్తమానం నిలబడి గుడ్డ కత్తిరించి, ఇంటికొచ్చి, తల్లి కళ్ళలో చుక్కలు వేసి, కుక్కరు పెట్టి, అప్పుడు పుస్తకం తెరిచేది.

కథ ఓ పదిహేనేళ్ళ కుర్రాడిది. పాత మేడలో లిఫ్టు ఎక్కితే, అది ఆ మేడకు లేని అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకుంటే ఎదురుగా వేరే లోకం. అక్కడి జనం వాడికి టక్కరి అని పేరు పెట్టారు. పెట్టక ఏం చేస్తారు? నోరు తెరిస్తే అబద్ధం, చెయ్యి చాస్తే దొంగతనం, కష్టమొస్తే కాలికి బుద్ధి చెప్పడం. అలాంటివాడి మీదే ఆ లోకమంతా ఆశలు పెట్టుకుని కూర్చుంది.

పెద్దకూతురికి మొదటి రోజే వాడంటే ఒళ్ళుమండింది. తల్లికి మాత్రం ప్రాణం లేచొచ్చింది.

"కాపలావాడి తాళంచెవులు కొట్టేశాడా! గడుగ్గాయి!" అని పడీపడీ నవ్వింది. "ఏమైనా తిన్నాడటే వాడు? ఎప్పుడనగా లిఫ్టెక్కాడో!"

"ఆ కాపలావాడి ఉద్యోగం ఊడుతుందమ్మా."

"ఊడితే ఇంకోటి చూసుకుంటాడులే. నువ్వు చదువు."

పెద్దకూతురికి కడుపు రగిలింది. తను షాపులో పని తెమలక ఆలస్యంగా వచ్చిన రోజు ఈ తల్లే "ఇంకా కుక్కరు పెట్టలేదేం?" అని అడిగింది. కాగితాల్లో పుట్టినవాడి ఆకలి మాత్రం అడక్కుండానే తెలిసింది!

మర్నాడు ఆమె ఎన్నడూ చెయ్యని పని చేసింది. చదువుతూ చదువుతూ టక్కరిని మంచివాణ్ణి చేసేసింది. వాడు తాళంచెవులు తిరిగిచ్చేశాడు. కాపలావాడికి క్షమాపణ చెప్పుకున్నాడు. పెద్దవాళ్ళు చెప్పినట్టల్లా విన్నాడు. తల్లి కాసేపటికే గురకపెట్టింది.

"ఇవాళేమిటే ఇంత చప్పగా ఉంది?" అంది లేచాక. "బుద్ధిమంతుడైతే ఏం చేస్తాడో నాకు ముందే తెలుసు. వీడు ఏం చేస్తాడో వీడికే తెలీదు. అందుకేగా వినేది!"

సరే, చప్పగా ఉంటే కారం తగిలిద్దామనుకుంది పెద్దకూతురు. ఆ తర్వాతి సాయంత్రం ఏరు దాటే ఘట్టం వచ్చింది. టక్కరికి తోడుగా వచ్చిన, పడవ నడిపే పిల్ల నీళ్ళలో పడిపోతుంది. ఈత రాకపోయినా వాడు దూకేస్తాడు, పుస్తకంలో. ఆమె ఆ నాలుగు వాక్యాలూ మింగేసి, టక్కరి ఒడ్డెక్కి వెనక్కి తిరిగి చూడకుండా పారిపోయాడని చదివింది. ఇప్పుడు తిడుతుంది చూడు, అని తల్లి వైపు చూసింది.

తల్లి కళ్ళు చెమ్మగిల్లాయి. "ఎంత హడలిపోతే అలా చేశాడో పసివెధవ! ఆ పిల్లని ఎవరో ఒకరు లాగుతారు. ఈ పాపం మోసుకుంటూ వీడెలా బతుకుతాడే?"

"కళ్ళనీళ్ళు పెట్టుకోవద్దన్నాడమ్మా డాక్టరు!" అని విసురుగా లేచి, వంటింట్లోకి పోయి గిన్నెలన్నీ చప్పుడయ్యేలా తోమింది.

ఆదివారం చిన్నవాడు ఫోన్ చేశాడు. తల్లి స్పీకర్ పెట్టించుకుని, "ఆ పిల్లని ఏట్లో వదిలేసి పోయాడు కదరా, నా మనసేం బాలేదు" అంది.

"వదిలెయ్యడమేంటమ్మా? దూకి బయటికి లాగుతాడు. పుస్తకం మొత్తానికి అదే కదా గొప్ప!"

ఫోన్ పెట్టేశాక తల్లి కూతురి వైపు తిరిగింది.

"ఎందుకు మార్చావే?" అంది తల్లి.

"వాడంటే నాకు ఒళ్ళుమంట."

"ఎవడంటే? పుస్తకంలో వాడా, ఇప్పుడు మాట్లాడినవాడా?"

"ఇద్దరూనూ."

"నీ గురించైతే గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నానే. వాడు నిద్రపట్టనివ్వలేదు. నిద్రపట్టనివ్వనివాడే ఎప్పుడూ కళ్ళలో మెదులుతుంటాడు మరి."

"అయితే నిన్ను నిద్రపోనిచ్చినందుకా నాకీ శిక్ష?"

తల్లి దుప్పటి అంచు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. చివరికి, "పారిపోయినవాడు తర్వాత ఏమయ్యాడు?" అంది.

"అది పుస్తకంలో లేదమ్మా."

"తెలుసు. నువ్వే చెప్పు."

పెద్దకూతురు పుస్తకం మూసేసి చెప్పడం మొదలుపెట్టింది. టక్కరిని వానలో నిలబెట్టింది. అడిగిన ప్రతి గుమ్మంలోనూ లేదనిపించింది. తల్లి "అయ్యో" అన్నప్పుడల్లా ఆమెకు చురుక్కుమనేది, వాణ్ణి ఇంకాస్త తడిపేది. కొన్నాళ్ళకు తనకే మనసొప్పక ఓ పాడుబడ్డ గోదాములో చోటు చూపించింది. అయినా తల్లి వాడి మీద జాలిపడితే సహించలేకపోయేది.

ఆ పై వారం చిన్నవాడు వచ్చాడు. మంచం పక్కన చతికిలబడి కాసేపు విన్నాడు.

"అక్కా, ఈ గోదాం ఎక్కడిది? ఇదంతా తప్పు! అసలు కథలో..."

"నువ్వు నోరుముయ్యరా!" అని తల్లి కసిరింది. "అక్క చెబుతోంది."

వాడి ముఖం మాడిపోయింది. ఒకసారి తల్లిని చూశాడు, ఒకసారి అక్కని చూశాడు. ఆ చూపు ఎలాంటిదో పెద్దకూతురికి ఒకరు చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ళుగా తను వాళ్ళిద్దర్నీ చూసిన చూపే. కడుపు నిండినంత హాయిగా అనిపించింది. అది మంచి హాయి కాదని తెలుసు. తెలిసీ, పొయ్యి మీద పాల సంగతి పట్టించుకోకుండా, కథని ఇంకో గంట సాగదీసింది.