‘ఆగు’ అనడానికి ఎంతసేపు?

లాండ్రీలో తెలుగు వినపడకూడదని హోటల్ మేనేజరు రూల్ పెట్టాడు. గెస్టులుండేది పై అంతస్తుల్లో, లాండ్రీ ఉండేది నేల కింద. అక్కడ ఎవరేం మాట్లాడినా ఎవరి చెవిన పడుతుందో ఆ మహానుభావుడికే తెలియాలి. అయినా వారానికో పాఠం. ఓ వారం ఎండావానా, ఓ వారం వంటిల్లు, ఈ వారం జంతువులు. గోడ నిండా బొమ్మలు, ఒక్కో బొమ్మ కింద ఓ ఇంగ్లీషు ఇడియం. గుర్రం కిందిదానికి అర్థం ‘ఆగు, తొందరపడకు’ అని. నోరు జారి తెలుగు మాట్లాడితే సూపర్‌వైజర్ పోస్టు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆ పోస్టు మీదే, అక్కడ పనిచేసే ఓ ఇంటి పెద్దకోడలి కళ్లన్నీ. దుప్పట్లు మడతపెట్టీ పెట్టీ ఆమె నడుము పడిపోయింది. సూపర్‌వైజర్‌కైతే కుర్చీ ఉంటుంది. అందుకే అంట్లు తోముతూ కూడా ఇడియమ్స్ వల్లె వేసేది. తనతోపాటే పనిచేసే తోడికోడలు ఊరుకునేది కాదు.

“అక్కా, నిద్దట్లోనూ ఇంగ్లీషేనట కదా! బావగారు హడలిపోతున్నారు.”

ఆ రోజు తోడికోడలు ఇస్త్రీ మిషన్ వేడి రోలర్ల మధ్యకి దుప్పటి అందిస్తోంది. దుప్పటి అంచు ఆమె ఉంగరానికి చిక్కుకుంది. తను చూసుకోలేదు, ఎదురుగా ఉన్న పెద్దకోడలు చూసింది. ‘ఆగు’ అన్న మాట గొంతు దాకా వచ్చింది. అద్దాల గదిలోంచి మేనేజరు ఇటే చూస్తున్నాడు. ఆ మాట మింగేసి, వల్లె వేసిన ముక్కనే అరిచింది.

“హోల్డ్ యువర్ హార్సెస్!”

అక్క పాఠం అప్పజెబుతోందనుకుని తోడికోడలు గుర్రం బొమ్మ కేసి తిరిగి పకపకా నవ్వింది. నవ్వుతుండగానే కెవ్వుమంది. పెద్దకోడలు పరుగెత్తి మిషన్ ఆపే ఎర్ర బటన్ గుద్దేసరికి తోడికోడలి వేళ్లు కాలిపోయాయి.

మర్నాడు పొద్దున్నే మేనేజరు పెద్దకోడల్ని గదికి పిలిచాడు. అక్కడ మాత్రం ఆయనది చక్కటి తెలుగు.

“పాపం, అలా జరిగింది. నువ్వు మాత్రం శభాష్ అమ్మా! అంత కంగారులోనూ ఇంగ్లీషు వదల్లేదు. పోస్టు నీదే.”

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“శభాషా? అక్కడ చెయ్యి కాలిపోతుంటే ఇక్కడ శభాషా? మీ గదిలో కాలేవేం లేవు కాబట్టి మీకు తెలుగు చెల్లుతుంది. మిషన్ల దగ్గర ఆ రూల్ తీసేయండి సార్.”

“రూల్ రూలే. వెళ్లి పని చూసుకో.”

పళ్లు నూరుకుంటూ వచ్చేసరికి, తోడికోడలి చోట కొత్తగా నిలబెట్టిన అమ్మాయి చున్నీ జారి రోలర్ల మీద వేలాడుతోంది. మేనేజరు పెద్దకోడలి వెనకే వస్తున్నాడు.

“ఆగు!”

హాలంతా ఉలిక్కిపడింది. ఆ అమ్మాయి ఒక్క గంతులో వెనక్కి దూకింది. సూపర్‌వైజర్ పోస్టు ఇక నీది కాదని మేనేజరు పెద్దకోడలికి అక్కడికక్కడే చెప్పేశాడు.

సాయంత్రం ఇంట్లో పెద్దకోడలు అన్నం కలిపి నోటికందిస్తుంటే తోడికోడలు అడిగింది.

“పోస్టు వచ్చిందా అక్కా?”

“లేదే. తెలుగులో అరిచాను.”

తోడికోడలు ముద్ద మింగి, కట్టు కట్టిన చేతి వంక చూసుకుంది.

“నిన్న అరవాల్సింది” అంది.