చెంపల పెట్టె

సరేసు ఉడికే వాసన ఎలా ఉంటుందో ఇప్పటి పిల్లలకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తోళ్ళూ ఎముకలూ మరిగించి చేసిన జిగురు అది. బిళ్ళలుగా దొరుకుతుంది, నీళ్ళలో నానేసి పొయ్యి మీద కరిగించాలి. బాన్సువాడలో మా వడ్రంగి దుకాణం ముందు నుంచి వెళ్ళేవాళ్ళు కొంగో, రుమాలో ముక్కుకు అడ్డం పెట్టుకొని వెళ్ళేవాళ్ళు. నేను మాత్రం ఆ వాసన ఇప్పుడు ఎక్కడైనా తగిలితే బాగుండునని వెతుక్కుంటున్నాను. పిచ్చిదాన్ననుకుంటే అనుకోండి, నాకేం.

మా ఆయన కాశీరాం చేతికి టేకు తప్ప ఇంకో చెక్క ఆనేది కాదు. అలాంటి మనిషి నెత్తిన డెబ్బైల చివర్లో ప్లైవుడ్ వచ్చిపడింది. పైన చూస్తే నున్నగా ఉంటుంది, అంచు చూస్తే పొరలు పొరలుగా పళ్ళు ఇకిలిస్తుంది. "గిది చెక్కనా, అట్టనా?" అని ఆయన దాన్ని నెలల తరబడి తిట్టాడు. తిట్టి తిట్టి అలసిపోయి, నిజామాబాద్‌లో ఎవరి దుకాణంలోనో పని చూసి వచ్చి, ఒక పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె సంపాదించాడు. కమ్మరి దగ్గరికి పోయి దాని అడుగున రెండు పక్కలా ఇనుప రేకులు బిగించుకొచ్చాడు. అంచు మీద పెట్టి తోస్తే పెట్టె అటూ ఇటూ జారకుండా ఆ రేకులు పట్టుకుంటాయి. వాటికి చెంపలని పేరు పెట్టాడు. అలా అది చెంపల పెట్టె అయింది.

పని చూడ్డానికి సులువే. ప్లైవుడ్ అంచుకు వేడి సరేసు పూసి, దాని మీద పల్చటి టేకు పట్టీ పరచాలి. కుడిచేత్తో చెంపల పెట్టె తోస్తూ పోతే ఆ వేడికి సరేసు మళ్ళీ కరిగి పట్టీని పట్టుకుంటుంది. వెంటనే, దాని వెనకే, ఎడమచేత్తో చల్లటి రాయి అదుముతూ రావాలి. ఆలస్యమైతే పట్టీ లేచిపోతుంది. ఆ రాయి మంజీర ఒడ్డున నేను ఏరుకొచ్చింది, మామిడి తొక్కు జాడీ మీద బరువుకని. అడగను కూడా అడగకుండా ఎత్తుకుపోయాడు మహానుభావుడు.

పని అయ్యాక నన్ను పిలిచేవాడు. దుకాణం వెనక గదే మా ఇల్లు. నేను బీడీల చాట ఒళ్ళోంచి దించి రావాలి.

"బొటనేలు వెట్టి రాయి. అతుకు యాడున్నదో చెప్పు సూద్దాం."

నిజానికి నా వేలికి ఏమీ తగిలేది కాదు. "గిదిగో, గీడనే గుచ్చుకుంటుంది" అనేదాన్ని. ఆయన కంగారుగా వంగి చూసేవాడు. ఆ కంగారు చూడ్డానికే అనేదాన్ని.

ఒక ఏడు వానలకు ముందు, ఎవరిదో ఇంటికి దూలం ఎక్కిస్తూ ఆయన జారి పడ్డాడు. కుడిచెయ్యి విరిగింది. నాటు కట్టు కట్టించాం. ఎముక అతుక్కుంది గానీ మోచెయ్యి వంగకుండా కొయ్యబారిపోయింది. వేళ్ళు ఆడతాయి, చెయ్యి చాచినది చాచినట్టే ఉంటుంది. చిత్రిక పట్టే రందా తొయ్యడానికి లేదు, రంపం లాగడానికి లేదు. ఆయన మంచం ఎక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కట్టు విప్పిన తర్వాత కూడా అలాగే. తింటే తిన్నాడు, లేకపోతే లేదు. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఏమిటంటే, ఆయన తిట్టడం మానేశాడు. కూరలో ఉప్పు మరిచిపోయినా మాట్లాడకుండా తినేవాడు. ఈ మనిషి మళ్ళీ దుకాణంలో కాలు పెడతాడా, పెట్టడా? నాకు పొద్దున లేస్తే అదే ఫికర్.

ఒకరోజు లక్‌పతి వచ్చాడు. పిట్లం దగ్గరి తండావాడు, మా ఆయనకు బాగా చనువు. బస్టాండు దగ్గర చాయ్ హోటల్ తెరవబోతూ పొడుగాటి ప్లైవుడ్ టేబుల్ అంతకుముందే చెప్పి ఉన్నాడు. పిల్లల తలలకు తాకకుండా మూలలు గుండ్రంగా కావాలన్నాడు. మా ఆయన కింద పడేనాటికే పైపలకా కాళ్ళూ తయారయ్యాయి, పట్టీలు కూడా చీల్చిపెట్టి ఉన్నాయి. అంచు ఒక్కటే మిగిలింది. పాపం, అతను అన్ని రోజులూ నోరెత్తలేదు.

"అక్కా, అన్నకు బాగైతదని సూసిన," అన్నాడు తల గోక్కుంటూ. "బేస్తవారం హోటల్ తెరవాలె. మీరేమనుకోకుంటే పిట్లంల ఎవలితోనన్న అంచు కొట్టిచ్చుకుంట."

నేను నోరు తెరిచేలోపు లోపలి నుంచి మా ఆయన గొంతు వచ్చింది.

"తీస్కపో లక్‌పతీ. రంద, ఉలులు, గా పెట్టె, అన్నీ తీస్కపో. ఎవలికన్న పనికొచ్చెటోనికియ్యి. నాకిగ అక్కర లేదు."

ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. వాన వెలిసిందని చెప్పినట్టు చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు.

"ఎవలు ముట్టినా చేతులు ఇరుగుతయి! నువ్వు బేస్తవారం బండి తీస్కొని రా తమ్మీ. అంచు తయారుంటది."

"ఎవలు చేస్తరు అక్కా?"

"నేను చేస్త. ఏం, నాకు చేతులు లేవా?"

లక్‌పతి నన్నూ, టేబులునూ మార్చి మార్చి చూసి, ఎందుకైనా మంచిదని గబగబా వెళ్ళిపోయాడు. గోడవైపు తిరిగిన మనిషి మాత్రం తిరగలేదు.

నాకు భయం లేదు. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన వేళ్ళు ఇవి. ఆయన చేస్తుంటే ఎన్నిసార్లు చూడలేదు? బొగ్గులు రాజేశాను, సరేసు కరిగించాను, కొంగు దోపుకొని మొదలుపెట్టాను. తిన్నటి అంచు మీద పట్టీ బాగానే పరుచుకుంది. గుండ్రటి మూల దగ్గరికి వచ్చేసరికి ఫట్‌మని విరిగింది. ఇంకోటి పెట్టాను. అదీ విరిగింది.

అప్పుడు నాకు గొప్ప ఉపాయం తోచింది. తునికాకు ఎండుగా ఉంటే చుట్టేటప్పుడు పగులుతుంది కదా, అందుకే మేం దాన్ని తడిపి గోనెసంచిలో చుట్టిపెడతాం. తెల్లారేసరికి మెత్తబడి చెప్పినట్టు వింటుంది. విరిగినవీ అతికించినవీ అన్నీ పీకేసి, కొత్త పట్టీలు తడిపి, ఆకులతో పాటు అదే గోనెలో చుట్టిపెట్టాను. మర్నాడు తీస్తే, అబ్బ, ఎటు వంచితే అటు వంగాయి! మధ్యాహ్నానికి టేబుల్ చుట్టూ పట్టీ తిరిగింది. మూలలు చూస్తే నాకే ముద్దొచ్చాయి. ఆరుతుందని గుమ్మం పక్కన ఎండ తగిలేలా ఆనించి, గర్వంగా పోయి బీడీల చాట ముందు కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఈయనగారు చేసిన ఘనకార్యం ఇంతేనా అనుకున్నాను కూడా.

పొద్దు వాలుతుండగా దుకాణంలోంచి చప్పుడు వినిపించింది. టప్.

మంచం మీద ఆయన తల ఎత్తాడు.

ఇంకోసారి, టప్.

"తడి పట్టీ ఏసినవా?" అన్నాడు.

ఆయన లేచాడు. లేచి, కొయ్యబారిన చెయ్యి పక్కన వేలాడుతుండగా, గడప దాటి దుకాణంలోకి వెళ్ళాడు. నేను వెనకే పరుగెత్తాను. పట్టీలు ఆరి సన్నబడ్డాయి. వాటి పక్కల నుంచి ప్లైవుడ్ పొరలు మళ్ళీ పళ్ళు ఇకిలిస్తున్నాయి. మూలల దగ్గర పట్టీ లేచి నిలబడింది.

"దేంట్ల తడిపినవ్?"

"ఆకులతోని వెట్టిన," అన్నాను.

"ఆకులతోనా?" అని అరిచాడు. రోడ్డు మీద సైకిల్ మీద పోతున్న ఒకాయన కాలు కింద పెట్టి ఆగాడు. "ఓసి నీ అక్కల సల్లగుండ! గది టేకే! తునికాకు గాదు! టేబుల్‌కు బీడీ చుడుతున్నవా? దారం కూడ కట్టకపోయినవు! తడిస్తె ఉబ్బుతది, ఆరితె గుంజుకుంటది. గీ మాత్రం తెల్వదా? ఎన్నేండ్లు కాపురం చేసినవ్ నాతోని?"

ఆయన తిడుతున్నాడు. చేతులూపి, ఊపగలిగినంత ఊపి, మెడ నరాలు ఉబ్బేలా తిడుతున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. సైకిల్ ఆయన పాపం నన్ను చూసి జాలిపడి ఉంటాడు.

"ఏడుస్తవేందే? బొగ్గులున్నయా?" అన్నాడు.

ఉన్నాయి. అటక మీద పొడి పట్టీల కట్ట ఇంకోటి ఉంది, దింపాను. ఆయన పాత పట్టీలన్నీ పీకేశాడు. మూలకు వచ్చే చోట కొత్త పట్టీని గాజుపెంకుతో గీకి పల్చన చేశాడు. చెంపల పెట్టె పక్కకు ఆనించి, ఆ వేడికి మెల్లగా వంచాడు. ఎడమచేత్తో చేస్తున్నాడు కాబట్టి ఆలస్యమైంది, కానీ పట్టీ విరగలేదు. సరేసు పూశాడు. ఎడమచేత్తోనే పెట్టె తోశాడు. చెంపలున్నాయి కదా, అది జారకుండా తిన్నగా పోయింది. ఆయన ముఖం వెలిగింది. వెంటనే కుడిచేత్తో రాయి అందుకొని అదమబోయాడు.

చెయ్యి వంగదు. పెట్టె వెనక్కి రాయి రాదు. ఎంత ఒంగినా, ఎటు తిరిగినా రాలేదు. ఆయన చూస్తుండగానే పట్టీ మెల్లగా లేచింది.

పెట్టె బల్ల మీద పెట్టేసి నిలబడిపోయాడు. చూపు గది వైపు, మంచం వైపు పోయింది. అది నేను చూశాను. ఇప్పుడు లోపలికి పోతే ఇక బయటికి రాడని నాకు తెలుసు. ఆయన చేతిలోంచి రాయి లాక్కున్నాను.

"నువ్వు నడువు. నీ ఎనుక నేనొస్త."

"నీకు చాతగాదు."

"అయితె నేర్పు. తిట్టుకుంట నేర్పు. నడువు!"

నడిచాడు. ముందు ఆయన, వేడి పెట్టెతో. వెనక నేను, చల్లటి రాయితో. "అదుము... గట్టిగ అదుము... నా కాలు తొక్కకే... గంత దూరముంటె ఎట్ల, దగ్గరికి రా!" ఊరి వాళ్ళ ముందు పెళ్ళాన్ని దగ్గరికి రమ్మని అన్ని కేకలు వేసిన మగవాణ్ణి నేనింకా చూడలేదు. ఆ పొడవు అంచు పట్టుకొని అలా ఇద్దరం టేబుల్ చుట్టూ తిరిగాం. పెళ్ళి పీటల నాడు కూడా అంత దగ్గరగా నడవలేదు మేము.

చివర్లో ఆయన బొటనవేలితో అంచంతా రాసి నా వైపు చూశాడు.

"అతుకు యాడున్నదో చెప్పు."

"లేదు," అన్నాను. ఆ ఒక్కసారి ఏడిపించబుద్ధి కాలేదు.

బేస్తవారం లక్‌పతి బండి తెచ్చాడు. అంచు నిమిరి, "ఎవలు చేసిన్రన్నా?" అని అడిగాడు. "మీ అక్కనే. బీడీ లెక్క చుట్టింది," అన్నాడు మా ఆయన. ఆ మాట పిట్లం దాకా పోయింది. చాన్నాళ్ళు నన్ను అందరూ అదే అని ఆటపట్టించారు.

ఆ తర్వాత మా దుకాణం అంచు పనితోనే నిలబడింది. రందా పనికి ఎవరినైనా పెట్టుకునేవాడు. అంచు మాత్రం మేమిద్దరమే. పెట్టె వేడెక్కగానే "ఓ గంగా!" అనేవాడు, నేను చాట దించి వచ్చేదాన్ని.

కొన్నేళ్ళకు డబ్బాల్లో తెల్ల గోందు వచ్చింది. పొయ్యి అక్కర్లేదు, కంపు లేదు. అంచుకు రాసి, పట్టీ పెట్టి, సైకిల్ ట్యూబు చుట్టి వదిలేస్తే తెల్లారేసరికి అతుక్కుంటుంది. ఊళ్ళో అందరూ దానికే మారారు. లక్‌పతే ఒక డబ్బా తెచ్చి ఇచ్చాడు. మా ఆయన దాన్ని అటక మీద పెట్టి మళ్ళీ సరేసు నానేశాడు. అడిగితే, గోందు మంచిది కాదనేవాడు. వానకు ఉబ్బుతుందనేవాడు. రోజుకో సాకు.

ఒకసారి అటక దులుపుతూ ఆ డబ్బా మూత తీశాను. లోపలంతా గడ్డకట్టి రాయైపోయింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. పొయ్యి దగ్గర పొగలో కళ్ళు నలుపుకుంటున్న మనిషి ముందు దాన్ని ధడాలున పెట్టాను.

"గింత మొండితనమేందయ్యా? లోకమంత సుఖంగ చేస్కుంటుంటే, నీకు పొగ, నాకు కంపు. గా గోందుకు ఏం రోగమొచ్చిందని?"

ఆయన సరేసు కలుపుతూనే ఉన్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

"గోందైతె నేనొక్కన్నే అతికిచ్చుకుంట. గప్పుడు నువ్వు దుకాణంలకు ఎందుకొస్తవే? గా లోపల కూసోని బీడీలు చుట్టుకుంటవు. ఒక్కన్ని నాకు గీడ పొద్దువోతదా, మనసునవడ్తదా?"

ఆయన పోయాక చెంపల పెట్టెను ఆయన తమ్ముడు అడిగాడు, ఇచ్చేశాను. రాయి మాత్రం ఇవ్వలేదు. తొక్కు జాడీ మీద పెడదామని చాలాసార్లు అనుకున్నాను, పెట్టలేకపోయాను.

ఆయన ఆ మాట అన్న రోజు మాత్రం డబ్బా పక్కకు తోసి, కొంగు దోపుకున్నాను. ఆయన పెట్టె తీసుకొని ముందు నిలబడ్డాడు. నేను రాయి తీసుకొని వెనక నిలబడ్డాను.

"నడువు," అన్నాను.